పెల్విస్, కాలు రెండూ విరిగాయి, ఐదో రోజుకీ బయట రాడ్లే. తమ్ముడి గురించి అడుగుతున్నా

కోదాడ అక్క (మంగళవారం, రాత్రి 11:40)

అందరికీ నమస్తే. పోయిన గురువారం తెల్లవారుజామున మా తమ్ముడు పాల క్యాన్లు కట్టుకుని బండి మీద కోదాడ వస్తుంటే మునగాల దాటాక హైవే మీద లారీ కొట్టింది. వాడికి 27 ఏళ్లు. 108 వాళ్లు దగ్గర్లో ఉన్న ఆస్పత్రిలో చేర్చారు, అక్కడి నుంచి మధ్యాహ్నానికి హైదరాబాద్ తెచ్చాం. ఇప్పటికి ఎనిమిది ప్యాకెట్ల రక్తం ఎక్కించారు.

పెల్విస్, అంటే నడుము కింది ఎముకల చట్రం, ముందు వైపు తెరుచుకుందట, ఓపెన్ బుక్ అన్నారు. వెనకాల కుడి పక్క జాయింటు కూడా కదిలింది. కుడి కాలు మోకాలి కింద ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. రెండంగుళాల ముక్క రోడ్డు మీదే పోయిందని చెప్పారు. మూత్రం కోసం పొత్తికడుపు దగ్గర చిల్లు పెట్టి పైపు వేశారు.

నా బాధ ఏమిటంటే, ఐదు రోజులైనా అసలు ఆపరేషన్ మొదలుపెట్టలేదు. మొదటి రాత్రి నడుముకి రెండు పక్కలా, కాలికి బయటి నుంచి రాడ్లు వేసి అలా వదిలేశారు. కాలి మీద స్పాంజి పెట్టి ఏదో మిషన్‌తో పీలుస్తున్నారు. అడిగితే "స్టేజీలుగా చేస్తామమ్మా" అంటారు. బిల్లు కోసం సాగదీస్తున్నారని మా బాబాయి. మా నాన్నేమో పుత్తూరు తీసుకుపోదాం అని పట్టుబట్టాడు. నిన్న ఒక డాక్టరు "కాలు ఉంచడమా, తీయడమా అనేది బుధవారం చెబుతాం" అని వెళ్లిపోయాడు. అప్పటి నుంచి అమ్మ అన్నం ముట్టలేదు.

ఇలాంటిది దాటి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఫిబ్రవరిలో వాడి పెళ్లి అనుకున్నాం.

---

కాళహస్తి రాజు (బుధవారం, ఉదయం 5:55)

పుత్తూరు తీసుకెళ్లండి అక్కా. మా మేనమామ చెయ్యి రెండు కట్లకే అతికింది. వేలల్లో పోయేది, లక్షలు ఎందుకు తగలేస్తారు. 

---

ఆటోనగర్ లేత్ (బుధవారం, ఉదయం 7:20)

చెల్లెమ్మా, ముందు అమ్మగారికి రెండు ముద్దలు తినిపించు. డాక్టరు వచ్చి మాట్లాడేసరికి ఆవిడ నిలబడి వినగలగాలి.

మాది విజయవాడ. ఆటోనగర్‌లో లేత్ మెషిన్ పని. 2019 జూన్‌లో హనుమాన్ జంక్షన్ దగ్గర టిప్పర్ గుద్దింది, అప్పుడు నాకు 44. నువ్వు రాసింది చదువుతుంటే నా డిశ్చార్జి కాగితం చదివినట్టే ఉంది. ముందు తెరుచుకున్న పెల్విస్, వెనకాల కదిలిన జాయింటు, మోకాలి కింద ఓపెన్ ఫ్రాక్చర్, ఐదు సెంటీమీటర్ల ఎముక లోటు, పొత్తికడుపులోంచి పైపు. నాది ఎడమ, మీవాడిది కుడి, తేడా అంతే. ఇప్పుడు రోజూ షాపుకి వెళ్తున్నాను. గంటల తరబడి నిలబడలేను, స్టూలు వేసుకుంటాను. కాలు అర సెంటీమీటరు పొట్టి. చెప్పులో అట్ట పెట్టుకున్నాను.

రాడ్లు వేసి వదిలేశారని నేనూ మీ బాబాయిలాగే తిట్టాను. మూడో రోజున డాక్టరుతో "ఏంటి సార్, జాబ్‌ని చక్‌లో బిగించి మెషిన్ ఆపేసి టీకి పోయినట్టుంది" అన్నాను. ఆయనకి కోపం రాలేదు. "చక్‌లో సరిగ్గా పట్టకముందే టూలు పెడతావా మరి?" అన్నాడు. నా నోరు మూతపడింది.

పెల్విస్ అనేది రింగు. చేగోడీని ఒక్క చోటే విరిచి చూడు, కుదరదు, రెండో చోట కూడా పగులుతుంది. ఇదీ అంతే, ముందు తెరుచుకుందంటే వెనకాల కూడా ఏదో కదిలే ఉంటుంది. వెనక వైపు వెన్నుపూస ఆనుకునే చోట సన్నటి సిరలు వలలాగా ఉంటాయి. అవి చిరిగితే రక్తం బయటికి రాదు, లోపలే నిండుతుంది. ముందు తలుపులు తెరుచుకున్నాయి కాబట్టి లోపల చోటు పెరుగుతుంది, మనిషి ఒంట్లో ఉన్న ఐదు లీటర్లలో ఎంత పోయినా పట్టేస్తుంది.

నన్ను మొదట చేర్చిన చోట అందరూ కాలినే చూశారు, రక్తం కనబడేది అక్కడే కదా. పెల్విస్ కదులుతోందా లేదా అని ఒకాయన రెండు పక్కలా చేతులు వేసి నొక్కాడు. ఆయన పోగానే ఇంకొకాయన వచ్చి మళ్లీ నొక్కాడు. మూడో ఆయన కూడా చెయ్యి చాచేసరికి ఒక హౌస్ సర్జన్ అమ్మాయి అడ్డుపడింది. మంచం మీది దుప్పటి లాగి, మడిచి, నా కిందుగా దూర్చి బిగించి క్లిప్పులు పెట్టింది. నడుముకి కాదు, కిందికి. తొడ పైన పక్కకి గుబ్బలాగా ఎముక తగులుతుంది చూడు, సరిగ్గా అక్కడ. మోకాళ్లు రెండూ కలిపి కట్టింది. పది నిమిషాల్లో బీపీ 70 నుంచి 100కి వచ్చిందని తర్వాత మా బావమరిది చెప్పాడు. ఆ అమ్మాయి పేరు అడగలేదు నేను. ఇప్పటికీ అదొక లోటు.

మీ తమ్ముడి నడుముకి వేసిన రాడ్లు చేసేది ఆ దుప్పటి పనే, ఇంకాస్త గట్టిగా. తలుపులు మూసి రక్తాన్ని ఆపడం. అది మొదటి రాత్రే చేశారంటే వాడికి చేయాల్సిన పెద్ద పని చేసేశారు.

కాలి సంగతి. ఎముక కంటే ఎముక మీద కప్పే కండ ముఖ్యమని నాకు అర్థం కావడానికి వారం పట్టింది. ముందు గాయాన్ని లీటర్ల కొద్దీ సెలైన్‌తో కడిగి చచ్చిన కండని తీసేస్తారు. రంగు మారినది, గిల్లితే ముడుచుకోనిది, కోస్తే రక్తం కారనిది, పట్టుకుంటే మెత్తగా చీలిపోయేది, అన్నీ పోవాల్సిందే. ఏది బతుకుతుందో మొదటి రోజే తెలియదు. అందుకే రెండు రోజులు ఆగి మళ్లీ తెరిచి చూస్తారు. నాకు రెండుసార్లు తీశారు. ఆరో రోజు ప్లాస్టిక్ సర్జన్ వచ్చి పిక్క లోపలి కండని ఒక కొస తెంపి తిప్పి ఎముక మీద కప్పాడు, దాని మీద తొడ చర్మం పల్చగా చెక్కి అతికించాడు. నిజం చెప్పాలంటే కాలి కంటే ఆ తొడ చెక్కిన చోటే ఎక్కువ మండింది. నాది కాలి మధ్య భాగం కాబట్టి దగ్గర కండ సరిపోయింది. చీలమండకి దగ్గరైతే తొడ నుంచో వీపు నుంచో రక్తనాళంతో సహా కండ తెచ్చి మైక్రోస్కోపు కింద కుట్టాలి. మీ ఆస్పత్రిలో ఆ పని చేసే ప్లాస్టిక్ సర్జన్ ఉన్నాడో లేదో ఇవాళే కనుక్కో. లేకపోతే ఉన్నచోటికి మార్చమని అడుగు.

రాజు గారూ, పుత్తూరు కట్టంటే నాకూ గౌరవమే. మా నాన్న మణికట్టు అక్కడే కట్టించాం. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు, చక్కగా అతికింది. అది చర్మం తెగని విరుపు. ఇక్కడ ఎముక బయటపడింది, ముక్కే లేదు. లేని ముక్కని ఏ పసరు అతికిస్తుంది? పైగా వాచిన కాలికి బిగించి కట్టు కడితే లోపల రక్తం ఆడక ఉన్న కాలూ పోతుంది. పెల్విస్‌కి అసలు కట్టెక్కడ కడతారు? మీ మామయ్య చెయ్యి సంగతి వేరు, ఇది వేరు.

---

ఓటీ సిస్టర్ (బుధవారం, మధ్యాహ్నం 2:05)

పదకొండేళ్లుగా ఆర్థో థియేటర్‌లో స్టాఫ్ నర్సుగా ఉన్నానండి. పేషెంటుని చూడకుండా ఇది చేయించండి, అది వద్దు అనలేను. మామూలుగా ఏం ఆలోచిస్తారో చెబుతాను, మీ డాక్టర్లని అడగడానికి పనికొస్తుంది.

ఐదు రోజులు ఎందుకు ఆగారంటే, పెద్ద దెబ్బ తగిలిన మనిషి ఒంట్లో మొదటి నాలుగు రోజులు మంట రేగుతూ ఉంటుంది. ఊపిరితిత్తులు, కిడ్నీలు ఏ పక్కకైనా ఒరగొచ్చు. ఆ సమయంలో నాలుగైదు గంటల ఆపరేషన్ అంటే రెండో యాక్సిడెంట్ లాంటిది. తొడ ఎముక విరిగినవాళ్లలో అయితే లోపల రాడ్డు దూర్చేటప్పుడు మూలుగలోని కొవ్వు రక్తంలో పడి ఊపిరితిత్తుల్లోకి పోయే భయం కూడా ఉంది. ఒకప్పుడు అన్నీ మొదటి రోజే చేసేయాలనేవాళ్లు. ఇప్పుడు మనిషి కుదుటపడి ఉంటే తొందరగా, లేకపోతే బయటి రాడ్లతో ఆపి తర్వాత అని చూస్తారు. మరీ ఆలస్యం కూడా పనికిరాదు. రెండు మూడు వారాలు దాటితే వంకరగా ఉన్న ఎముక అలాగే అతుక్కోవడం మొదలుపెడుతుంది, సరిచేయడం కష్టం.

వెనక జాయింటుకి వేసే స్క్రూ చాలాసార్లు చిన్న గాటు నుంచే వేస్తారు. కానీ అది వెళ్లే దారికి రెండు పక్కలా కాలికి వెళ్లే నరాలుంటాయి. సీఆర్మ్‌ని, అంటే ఆపరేషన్ మధ్యలోనే ఎక్స్‌రే చూపించే మిషన్‌ని, పైకీ కిందికీ వంచి చూస్తూ తోయాలి. కడుపులో గ్యాసు ఉంటే ఆ బొమ్మలో ఎముక అంచులు కనబడవు. అందుకే ముందు రోజు రాత్రి ఎనిమా ఇస్తారు. "నడుము ఆపరేషన్‌కి ఎనిమా ఏంటి" అని అటెండర్లు మాతో గొడవపడుతుంటారు, అందుకే చెబుతున్నా.

కాలు ఉంచడమా తీయడమా అన్నది ఒక్క డాక్టరు ఇష్టం కాదండి. ఇలాంటి గాయాలకి 1976లో గస్టిలో, ఆండర్సన్ చేసిన గ్రేడింగ్ అందరూ వాడతారు. మీవాడిది అందులో మూడో రకం బి అని కేస్ షీట్లో రాసి ఉండొచ్చు, ఎముక బయటపడి కండ తెచ్చి కప్పాల్సిన రకం. కానీ అది ఒక్కటే చాలదు. కోయంబత్తూరు గంగా హాస్పిటల్ వాళ్లు వేరే స్కోరు తయారుచేశారు, 2006లో అచ్చయింది. చర్మం, ఎముక, కండరాలూ నరాలూ, ఇవి ఒక్కోదానికి మార్కులు, పైన పేషెంటు పరిస్థితికి కొన్ని. మొత్తం 14 లోపు అయితే కాలు నిలబెట్టే ప్రయత్నం చేయొచ్చు. 17, ఆ పైన అయితే తీసేయడమే మేలు. 15, 16 దగ్గర అనుభవం ఉన్న టీమ్ కూర్చుని మాట్లాడాలి. "స్కోరు ఎంత వచ్చింది సార్" అని అడగండి. అరికాల్లో స్పర్శ లేదన్న ఒక్క కారణంతోనే తీయక్కర్లేదు, నరం తెగకుండా నలిగితే తిరిగి రావచ్చు.

ఇంకో మాట కూడా చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. అమెరికాలో ఎనిమిది ట్రామా సెంటర్లలో ఇలాంటి 569 మందిని గమనించి 2002లో ఫలితాలు రాశారు. రెండేళ్ల తర్వాత చూస్తే కాలు నిలబెట్టుకున్నవాళ్లు, తీయించుకున్నవాళ్లు ఇంచుమించు ఒకే స్థితిలో ఉన్నారు. నిలబెట్టుకున్నవాళ్లకి ఆపరేషన్లు, ఆస్పత్రి రోజులు ఎక్కువ. కాబట్టి ఒకవేళ తీయాలని చెప్తే అది ఓటమి అనుకోకండి.

పొట్ట మీద రోజూ చిన్న ఇంజెక్షన్ ఇస్తున్నారా? రక్తం గడ్డ కట్టకుండా అది. పెల్విస్ కేసుల్లో కాలి సిరలో గడ్డ కట్టి ఊపిరితిత్తులకి పోవడం మాకు పెద్ద భయం. వాడు ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి అంటే నర్సు రౌండు దాకా ఆగొద్దు, వెంటనే పిలవండి. సిగరెట్టు అలవాటుంటే ఇవాళ్టితో సరి. ఎముకా అతకదు, వేసిన కండా నిలవదు.

---

కోదాడ అక్క (ఆదివారం, సాయంత్రం 6:30)

మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియట్లేదు. బుధవారం సాయంత్రం స్కోరు అడిగాను. డాక్టరు ఒక్క క్షణం నా మొహం చూసి "పదమూడు. ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు. కాలు ఉంచుతామన్నారు. గురువారం రెండు టీములు కలిసి ఏడు గంటలు చేశాయి. పెల్విస్ ముందు ప్లేటు, వెనకాల ఒక స్క్రూ. అన్నయ్యా, మీకు చేసినట్టే పిక్క కండ తిప్పి వేశారు. రాత్రి ఎనిమా ఇస్తుంటే నాన్న గొడవకి లేచాడు, నేనే ఆపాను సిస్టర్.

కండ ఎర్రగా, వెచ్చగా ఉందట, బతికినట్టే అన్నారు. ఇప్పుడు ఇంకో భయం. నాలుగైదు వారాల తర్వాత కాలికి రింగులు వేస్తారట, పది నెలలు ఉండాలట. లోపల రాడ్డు వేసి అక్కడ ఎముక నింపేయొచ్చు కదా?

ఇంకొకటి. అడగడానికి ఇబ్బందిగానే ఉంది. మూత్రనాళం తెగిందన్నారు. అమ్మాయి వాళ్లు ఫోన్ చేసి డొంకతిరుగుడుగా అడుగుతున్నారు. మా తమ్ముడు నన్ను అడగలేడు, నేను డాక్టర్ని అడగలేను.

---

ఆటోనగర్ లేత్ (ఆదివారం, రాత్రి 9:15)

రెండోది ముందు చెబుతాను, దాని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి.

నాకూ తెగింది. ముందు ఎముకలు విడిపోయినప్పుడు నాళం వాటితో పాటు లాగి తెగుతుంది. అప్పటికప్పుడు దాంట్లోంచి పైపు తోయకూడదు, అందుకే పొత్తికడుపులోంచి వేస్తారు. మూడు నెలలు దాటాక రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీసి ఎంత దూరం తెగిందో చూశారు. యూరాలజీ ఆయన మచ్చకట్టిన ముక్క తీసేసి రెండు కొసలూ కలిపి కుట్టాడు. ఇప్పుడు మామూలే, ధార కాస్త సన్నం. ఆ మూడు నెలలూ సంచీ మోయడం చిరాకు. మోకాలి దాకా వచ్చే బ్యాగు కొని లుంగీ లోపల కట్టుకున్నాను.

సంసారం సంగతి. ఆ చుట్టుపక్కలే నరాలు, రక్తనాళాలు ఉంటాయి కాబట్టి కొందరికి ఇబ్బంది వస్తుంది. నాకు మొదటి ఏడు నెలలు ఏమీ లేదు. అప్పుడు యూరాలజీ డాక్టర్ని అడిగాను. అడగడానికి మూడు విజిట్లు పట్టింది, మూడోసారి మా ఆవిడే అడిగేసింది. మాత్ర రాశాడు, నెమ్మదిగా సర్దుకుంది. ఒకటి రెండేళ్ల దాకా బాగుపడుతూ ఉండొచ్చన్నాడు. అందరికీ నాలాగే అవుతుందని నేను చెప్పను. తమ్ముణ్ణి యూరాలజీ ఆయనతో ఒంటరిగా ఐదు నిమిషాలు వదిలి నువ్వు బయటికి వెళ్లిపో. అమ్మాయి వాళ్లతో దాపరికం వద్దు, "ఏడాది ఆగుదాం, డాక్టరు చెప్పాక మాట్లాడుదాం" అను. ఆగలేనివాళ్లు వెళ్తారు.

ఇక రింగులు. ఇది నాకు ఇష్టమైన టాపిక్, కాస్త ఓపిక పట్టు.

చిన్న ఖాళీ అయితే నడుము పక్క ఎముక గీసి నింపుతారు. కొందరు సర్జన్లు ముందు సిమెంటు ముద్ద పెట్టి, ఆరు ఎనిమిది వారాల్లో దాని చుట్టూ పొర కట్టాక సిమెంటు తీసి ఎముక నింపుతారు, అదొక పద్ధతి. నాకు ఐదు సెంటీమీటర్లు, పైగా గాయం మట్టిలో పడింది. లోపల రాడ్డు వేస్తే చీము పట్టినప్పుడు ఆ చివర నుంచి ఈ చివర దాకా పాకుతుందని రింగులకే మొగ్గారు. ఇలిజరోవ్ పద్ధతి. ఆయన సైబీరియాలో కుర్గాన్ అనే ఊళ్లో డాక్టరు, 1950ల్లో కనిపెట్టాడు. ఎముకలు దగ్గరికి నొక్కడానికి రింగులు వేస్తే ఒక పేషెంటు నట్టు వెనక్కి తిప్పాడట, ఖాళీలో కొత్త ఎముక పుట్టడం చూసి ఇలిజరోవ్ ఆశ్చర్యపోయాడట. ఈ కథ అందరూ చెబుతారు. నిజమో కాదో గానీ మా షాపులో కుర్రాళ్లు ఎన్నిసార్లు రివర్సు తిప్పారో తలుచుకుంటే నాకు నమ్మబుద్ధి అవుతుంది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో హైజంప్ బంగారం గెలిచిన బ్రుమెల్ అని రష్యా ఆటగాడు మరుసటి ఏడాదే మోటార్ సైకిల్ ప్రమాదంలో కాలు నుజ్జు చేసుకున్నాడు. ఎన్నో ఆపరేషన్లు అయ్యాక చివరికి 1968లో ఈయన దగ్గరికే వెళ్లాడు. మళ్లీ రెండు మీటర్ల పైన దూకాడు. నేను మంచంలో ఉండగా మా అమ్మాయి ఫోన్లో వెతికి చదివి వినిపించింది.

పని ఎలా జరుగుతుందంటే, మోకాలి కింద బాగున్న ఎముకని కావాలనే అడ్డంగా విరగ్గొడతారు, పైపొర పాడవకుండా. వారం ఆగుతారు. ఆ తర్వాత ఆ ముక్కని రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున కిందికి జరుపుతారు. ముందు వైపు ఖాళీ మూసుకుంటూ పోతుంది, వెనకాల విడిచిన దారిలో కొత్త ఎముక పుట్టుకొస్తుంది. ఎక్స్‌రేలో మొదట ఏమీ కనబడలేదు. మూడో నెలలో బియ్యం కడిగిన నీళ్లలాగా తెల్లగా మసక. ఆ ఫిల్మ్ ఇంకా దాచాను.

నాకు నచ్చింది ఇదీ. రింగుల్ని కలిపే మర రాడ్డు ఆరు ఎంఎం, పిచ్ ఒక ఎంఎం. అంటే నట్టు ఒక చుట్టు తిప్పితే మిల్లీమీటరు. దాన్ని నాలుగు పావులు చేసి ఆరింటికి పావు, పన్నెండింటికి పావు, మళ్లీ ఆరింటికి పావు, పడుకునే ముందు పావు. ఒకేసారి మొత్తం తిప్పితే కొత్త ఎముక పట్టు దొరక్క తెగుతుంది, మరీ నెమ్మదిగా తిప్పితే ముందే అతుక్కుని జరగనంటుంది. ఇరవై ఐదేళ్లుగా నేను రోజూ కోస్తున్న మరే నా కాలి చుట్టూ ఉంది. నర్సు వచ్చి నేర్పుతానంటే నవ్వొచ్చింది.

నవ్వాను గానీ నాలుగో రోజు తప్పు చేశాను. ఒక వైపు నట్టు వదులు చేశాక రెండోది బిగించాలి. రాత్రి నిద్రమత్తులో వదులు చేసి బిగించడం మరిచాను. పొద్దున పిక్కంతా బరువుగా, ఏదో తేడాగా ఉంది. అప్పటి నుంచి మా అమ్మాయి తన గోళ్ల రంగు తెచ్చి ప్రతి నట్టు మీద ఎర్ర చుక్క పెట్టింది, ఎటు తిప్పాలో బాణం గీసింది, క్యాలెండర్ మీద నాలుగేసి టిక్కులు. యాభై రోజులు, రెండు వందల టిక్కులు. ముక్క కింద ఆనాక అక్కడ మళ్లీ తెరిచి కాస్త ఎముక పెట్టారు. మిగతా నెలలన్నీ కొత్త ఎముక గట్టిపడడానికే. ఆ మధ్యలో లాక్‌డౌన్ వచ్చింది, హైవే మూసేశారు, ఎక్స్‌రే ఇక్కడే తీయించి డాక్టరుకి వాట్సాప్‌లో పంపాను. 2020 జూన్‌లో విప్పారు.

నొప్పి నట్టు తిప్పినప్పుడు కాదు. ఎముకని రింగులకి పట్టి ఉంచే తీగలు కండలోంచి జరిగేటప్పుడు చర్మాన్ని కొద్దికొద్దిగా కోస్తాయి, రాత్రిళ్లు మండుతుంది. తీగ మొదట్లో ఎర్రగా అయి రసి కారితే దాచొద్దు, మాత్రలతో పోయేదాన్ని ఎముక దాకా పోనివ్వొద్దు. కాచి చల్లార్చిన నీళ్లు, గాజుగుడ్డ, శుభ్రమైన చేతులు. పాదం కిందికి వాలిపోకుండా రింగుకి చెప్పు కట్టించి పట్టీతో పైకి లాగి పెట్టమను. నేను నిర్లక్ష్యం చేశాను, మడమ నేలకి ఆనడానికి ఫిజియో అమ్మాయి నాలుగు నెలలు నన్ను ఏడిపించింది.

---

కోర్టు గుమాస్తా (సోమవారం, ఉదయం 10:10)

వైద్యం గురించి పెద్దలు చెప్పారు, కాగితాల గురించి నాది ఒక మాట. ఎఫ్ఐఆర్ కాపీ, ఎంఎల్‌సీ (ఆస్పత్రిలో రాసే మెడికో లీగల్ కేసు) నంబరు, లారీ ఇన్సూరెన్స్ వివరాలు ఈ వారమే తీసుకోండి. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ డెస్కులో వెంటనే అడగండి. రోడ్డు ప్రమాదాలకి కేంద్రం 2025లో తెచ్చిన నగదు రహిత పథకం కూడా ఉంది, లక్షన్నర దాకా, మొదటి ఏడు రోజుల చికిత్సకి. వర్తిస్తుందేమో ఆస్పత్రినీ పోలీసుల్నీ కలిపి అడగండి.

మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో నష్టపరిహారం క్లెయిమ్ ఆరు నెలల లోపు వేసేయండి. చికిత్స పూర్తవలేదని ఆగొద్దు, బిల్లులు తర్వాత జతచేయొచ్చు. లారీ వాళ్లు ఇంటికి వచ్చి యాభై వేలు చేతిలో పెట్టి సంతకం అడుగుతారు. వద్దు. డాక్టరు ఇచ్చే వైకల్య శాతం వేరు, ఆ వైకల్యం వల్ల పోయిన సంపాదన శాతం వేరు. 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా స్పష్టంగా చెప్పింది. తెల్లవారుజామున క్యాన్లు ఎత్తి బండి నడిపే మనిషికి కాలు పోయినంత నష్టం ఆఫీసులో కూర్చునేవాడికి ఉండదు. పాలకేంద్రం వాళ్ల దగ్గర వాడి పాస్‌బుక్ ఉంటుంది, ఆదాయానికి అదే సాక్ష్యం. జాగ్రత్త చేయండి.

---

కోదాడ అక్క (సోమవారం, రాత్రి 8:50)

పాస్‌బుక్ దొరికింది. క్యాన్ల మూటలోనే ఉంది, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు.

అన్నయ్యా, మీరు రాసిందంతా తమ్ముడికి చదివి వినిపించాను. సంసారం పేరా మటుకు ఫోన్ వాడి చేతికిచ్చి నీళ్లు తెస్తానని బయటికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఏమీ అనలేదు, "ఆయన నంబరు ఇస్తాడేమో అడుగు" అన్నాడు. నట్ల సంగతి చదివినప్పుడైతే యాక్సిడెంట్ తర్వాత మొదటిసారి నవ్వాడు. పావు పావు తిప్పడం వాడే చేసుకుంటాడట, నన్ను ముట్టుకోనివ్వడట.

---

ఆటోనగర్ లేత్ (సోమవారం, రాత్రి 9:30)

నంబరు నీకు విడిగా మెసేజ్ పెట్టాను. రాత్రి పదకొండు దాకా మేలుకునే ఉంటాను, చేయమను.

వాడే తిప్పుకోవాలి, అదే సరి. రింగులు వేసే ముందు పది నంబర్ స్పానర్లు రెండు కొని ఉంచు. ఒకటి ఎలాగూ మంచం కిందికి పోతుంది, పది నెలలు వాడు వంగి తీసుకోలేడు.